మాత్ర తెచ్చిన దగ్గు

వానలకు ముందు విత్తనం చెనిక్కాయలు ఒలిచే రోజులంటే హనుమక్కకు ప్రాణం. ఒంటికట్టె మనిషి. మొగుడు పుల్లన్న పోయాక ఆమెతో నాలుగు మాటలు కలిపేవాళ్లు దొరికేది సుబ్బలక్ష్మమ్మ ఇంటిముందు వేసే పందిరి కిందే. ఊళ్లో ఆడవాళ్లంతా అక్కడ చేరి వేరుశనగ కాయలు ఒలుస్తారు.

ఈ ఏడు బీపీ మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్లకు పొడిదగ్గు పట్టుకుంది. జ్వరం లేదు, కఫం లేదు, దగ్గు మాత్రం ఆగదు. పందిరి కింద ఒక్కొక్కరే దూరం జరిగారు. చివరికి సుబ్బలక్ష్మమ్మే నోరు తెరిచింది.

"ఏమనుకోవద్దు హనుమక్కా. అందరం ఒగే చెంబుతో నీళ్లు తాగేటోళ్లం. నీ కాయలు ఇంటికి పంపిస్తా, ఆడే ఒలుచుకో."

టీబీ అని ఎవరూ అనలేదు. అనాల్సిన పనీ లేదు. ఆస్పత్రిలో చేసిన పరీక్షలో ఏమీ లేదని తేలినా ఎవరూ నమ్మలేదు. వద్దనుకున్న మనిషి విషయంలో దేవుడు దిగొచ్చి చెప్పినా ఊరు వినదు.

నర్సు కృపాకుమారి మాత్రం కనిపెట్టింది. "ఇది మాత్ర వల్ల వచ్చే దగ్గవ్వా. కొందరికి పడదు. వచ్చే నెల డాక్టరు వేరేది రాసిస్తాడు. అంతవరకు నీ అంతట నువ్వు ఆపొద్దు."

హనుమక్క తలూపింది. ఆ పూటే మానేసింది. వచ్చే నెలకు కాయలన్నీ అయిపోతే? మళ్లీ ఏడాదిదాకా గోడలతో మాట్లాడుకోవాలి.

కొన్నాళ్లకు దగ్గు తగ్గింది. పందిరి కిందికి వెళితే చోటిచ్చారు. ఎవరి కోడలినో ఆడిపోసుకుంటుంటే కడుపుబ్బ నవ్వింది. తల పగిలిపోతోంది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. పైకి చెబితే మళ్లీ ఇంటికి పొమ్మంటారని నోరు మెదపలేదు.

కొత్త మాత్రలు తెచ్చిన కృపాకుమారి అక్కడే బీపీ చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"మానేసినావా అవ్వా? ఇట్లుంటే కాలూ చెయ్యీ పడిపోతాయి. లెయ్యి, ఆస్పత్రికి పోదాం. ఈ కొత్త మాత్రకు ఆ దగ్గు రాదులే."

"నాకెందుకు చెప్తావు పాపా? వాళ్లకు చెప్పు."

కృపాకుమారి అందరికీ వినపడేలా చెప్పింది. ఎవరూ తలెత్తలేదు. చేతుల్లో కాయలు చిట్లుతూనే ఉన్నాయి. కృపాకుమారి రెక్క పట్టుకుని లేపుతున్నా హనుమక్క లేవలేదు. నయమయ్యాక రామ్మని ఒక్కరైనా అంటారేమోనని అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది.