అర బస్తా సిమెంటు

పద్దెనిమిదేళ్లు గ్యాసు బావులకు సిమెంటు పట్టించినవాణ్ణి నేను. మా పేటలో మాత్రం నా మాటకు పూచికపుల్లంత విలువ లేదు.

వజ్రపుకొత్తూరు దగ్గర మా పేటలో, బాప్టిస్టు చర్చి పక్కన సంఘం వాళ్లు మంచినీళ్ల బోరు వేయిస్తున్నప్పుడు సెలవు మీద వచ్చాను. మా అమ్మ రెబెక్కమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. మా పేట ఉప్పునీళ్లు ముట్టొద్దని పలాస డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె ఆశంతా ఆ బోరు మీదే, నాదీ అంతే.

పైన నూట ఇరవై అడుగుల దాకా ఉప్పునీళ్లు, దాని కింద మంచినీళ్లు. పైవి కిందికి దిగకుండా పైపుకీ బోరు గోడకీ మధ్య సందంతా సిమెంటుతో మూసెయ్యాలి. వెళ్లి చూద్దును కదా, ఏడంగుళాల బోరులో ఆరంగుళాల పైపు దించారు. అదీ ఒక పక్కకు ఒరిగి గోడను అంటుకుపోయింది.

గ్యాసు బావిలో ఇంత ఇరుకు సందు వస్తే మాకు అన్నం సయించేది కాదు. పైపు మధ్యలో నిలబడేలా రింగులు తొడిగి, పల్చటి సిమెంటును పైపులోంచి అడుగుకు పంపి, సందులోంచి పైకి తోసేవాళ్లం. ఇక్కడ కాంట్రాక్టరు ఢిల్లీశ్వరరావు ముద్ద సిమెంటు తట్టతో పైనుంచి కుమ్మరిస్తున్నాడు.

అర బస్తాకే సందు నిండిపోయింది. "సూసారా, ఎంత కలిసొచ్చిందో" అని సంఘ పెద్ద ప్రభాకరరావు మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎనిమిది బస్తాలు పట్టాల మావా. అర బస్తాకే నిండిందంటే పైనే అడ్డం పడిపోయింది, కిందంతా ఖాళీయే. పైపు తీయించు. ఇలాగొదిలీస్తే పది రోజుల్లో ఉప్పునీళ్లే తాగుతారు."

ఢిల్లీశ్వరరావు నవ్వాడు. "నువ్వు సేసినవి గేసు బావులు బావా. ఇది తాగే నీళ్ల బోరు. నీ గొప్పలు అక్కడే సెప్పుకో."

"మోటారేసే ప్రార్థన ముందర ఆ పాడు మాటలేటి?" అని ప్రభాకరరావు నన్నే కసిరాడు.

ప్రార్థన అయింది, మోటారు వేశారు. అమ్మ మొదటి గ్లాసు తాగి తియ్యగున్నాయంది. నేను తలెత్తుకోలేకపోయాను.

పన్నెండో రోజుకి నీళ్లు ఉప్పన. ఇప్పుడైనా ఢిల్లీశ్వరరావును నిలదీస్తారనుకున్నాను, పిచ్చివాణ్ణి. నా నోరు మంచిది కాదని, ప్రార్థన రోజున నేనన్న మాటే తగిలిందని పేటంతా తేల్చేసింది. రెండో బోరూ అతనికే ఇచ్చారు. లారీలో అవే ఆరంగుళాల పైపులు దిగాయి.

చెప్పులేసుకుంటుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వెల్లొద్దు నాయినా. నువ్వు నోరిప్పకపోతే ఈపాలైనా మంచినీళ్లు పడతాయంతన్నారు. నా కోసం ఊరుకోరా."

ఆమె కాళ్లు వాచి ఉన్నాయి. ఆ కాళ్ల మీద అంతసేపు నిలబడి బతిమాలుతోంది. చెప్పులు విడిచి కూర్చున్నాను. కాసేపటికి చర్చి వైపు నుంచి పైపు దించుతున్న చప్పుడు వినబడింది.