రాతి మీద నా పేరు

"తొక్క మందంగా తీస్తున్నావు ఓపల్. సగం దుంప కోళ్ళకే పోతోంది," అంది మా అత్తగారు హిల్డా.

అప్పుడే మావగారు వంటింట్లోకి వచ్చారు. చేతిలో సైన్యం వాళ్ళు పంపిన కాయితం. యుద్ధంలో పోతే ఇంగ్లండులో పాతిపెట్టిన మా ఆయన మెర్ల్‌ని అక్కడే ఉంచాలా, ఇక్కడికి, నెబ్రాస్కాకి పంపాలా అని అడుగుతున్నారు. ఆ మాట చెప్పాల్సింది భార్యేనట. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్ప తండ్రికి ఆ హక్కు రాదట. ఆ ఇంట్లో నా మాట కావాల్సి రావడం అదే మొదటిసారి. తీరా చూస్తే ఆ మాట కూడా వాళ్ళే నింపేసి ఉంచారు. "ఇక్కడ పెట్టమ్మా సంతకం," అని మావగారు వేలుపెట్టి చూపించారు. చేతులు తుడుచుకుని పెట్టాను. తల్లికి తన కొడుకు కావాలనిపించడంలో తప్పేముంది? మళ్ళీ దుంపలు ముందేసుకున్నాను. ఈసారి తొక్క పల్చగానే వచ్చింది.

మెర్ల్ బాంబులు వేసే విమానం నడిపేవాడు. జర్మనీ మీద వేసి తిరిగొస్తుంటే రెక్క అంటుకుంది. తోటి కుర్రాళ్ళందరినీ దూకమని, వాళ్ళు దూకేదాకా విమానాన్ని కుదురుగా పట్టుకుని కూర్చున్నాడు. తన వంతు వచ్చేసరికి నేల దగ్గరకొచ్చేసింది. ఇంగ్లండు తీరం దాటాక ఎవరి దుంపల చేలోనో పడ్డాడు. మా చర్చి పాస్టరుగారు ఏటా ఈ కథ చెప్తారు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకుని, నేను ఏడుస్తున్నానేమోనని వెనక్కి తిరిగి చూస్తారు. "చుక్క నీరు లేదు చూడు, ఏం గుండె తల్లీ అది!" అని ఒకావిడ నాకు వినపడేలాగే అంది. నిజమే, లేదు. ఏడుద్దామని ప్రయత్నం కూడా చేశాను. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి ఉన్నది ఒక్క వేసవి, అదీ పూర్తిగా కాదు, టెక్సస్‌లో శిక్షణ శిబిరం పక్కన అద్దె గదిలో. వాళ్ళమ్మతో అయితే ఏళ్ళ తరబడి ఉన్నాను. మెర్ల్ ముఖం గుర్తు తెచ్చుకోబోతే ఆవిడ ముఖమే వస్తుంది.

ఇంగ్లండు నుంచి ఒకసారి రాశాడు, "అంత ఎత్తున చలికి చేతులు మొద్దుబారిపోతాయి. కింద ఎవరి ఇళ్ళున్నాయో అనుకోను. అనుకుంటే నడపలేను. లోపల కూడా ఏమీ తెలియడం లేదు ఓపల్, ఇంటికొస్తే తెలుస్తుందేమో," అని. ఆ ముక్క చదివి వినిపిస్తే అత్తగారు, "ఊలు మేజోళ్ళు అల్లి పంపు," అంది. అల్లి పంపాను. అవి చేరాయో లేదో తెలియదు.

నా పని మాత్రం ఎక్కడా మొద్దుబారలేదు. తెల్లవారకముందే పాలు, ఆ తర్వాత కోళ్ళు, అందరి బట్టలు, గోధుమ నూర్పిళ్ళకి వచ్చిన మగవాళ్ళందరికీ మూడుపూటలా వంట. పాలలోంచి మీగడ తీసే యంత్రంలో బోలెడన్ని రేకులుంటాయి, పూటపూటా ఒక్కో రేకూ విడదీసి వేడినీళ్ళలో కడగాలి. ఊళ్ళో మటుకు, "నార్డీన్‌ల ఇంట్లో కోడల్ని కూతుర్లా చూసుకుంటున్నారు," అంటారు. కూతురే అయితే ఎప్పుడో పెళ్ళి చేసుకుని తన దారిన తను పోయేది.

లింకన్ పట్నంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే నా స్నేహితురాలు లూసిల్ ఒక ఆదివారం వచ్చింది. "మా ఎక్స్ఛేంజిలో ఉద్యోగం ఖాళీ ఉందే. నా గదిలోనే ఉందువుగాని. నీ వయసెంతని? ఈ కోళ్ళ కంపులోనే ముసలిదానివైపోతావా?" అంది. అది వెళ్ళాక అత్తగారికి చెప్పాను. "వాడు దేశం కోసం కాలిపోయాడు. నువ్వు వాడి తల్లి గిన్నెలు కడగలేవా?" అంది. కాసేపటికి మెత్తబడి, "వాడు ఇంటికి చేరేదాకా అన్నా ఆగవే," అంది. ఆగాను.

మెర్ల్ రైల్లో వచ్చాడు, పెట్టెకి కాపలాగా ఒక సైనికుడితో. సమాధి దగ్గర ఆ సైనికుడు జెండా మడిచి నా ఒళ్ళో పెట్టాడు. ఇంటికి రాగానే అత్తగారు, "ఇలా తే, నీ చేతులకి ఎప్పుడూ ఏదో జిడ్డుంటుంది," అని తీసుకెళ్ళి తన బీరువాలో దాచుకుంది. అందరూ తిని వెళ్ళాక పళ్ళేలు కడిగాను. మరి ఇప్పుడు వెళ్ళనా అని అడిగితే, "సమాధి మీద రాయి పడనీ ముందు," అన్నారు మావగారు.

మే నెలాఖరున సమాధులకి పూలు పెట్టే పండగ వచ్చింది. పెరట్లో పూసిన పూలన్నీ బకెట్లో వేసుకుని ముగ్గురం శ్మశానానికి వెళ్ళాం. రాయి వేసేశారు, బూడిదరంగు గ్రానైటు, చాలా వెడల్పుగా ఉంది. ఎడమవైపు, మెర్ల్ నార్డీన్, 1919–1944. కుడివైపు, అతని భార్య ఓపల్, 1921, ఒక గీత. గీత తర్వాత నున్నగా ఖాళీ.

మా వైపు ఇది మామూలే. మొగుడు పోతే పక్కనే పెళ్ళాం పేరూ చెక్కేసి, ఆవిడ చనిపోయిన సంవత్సరం మాత్రం తర్వాత వేస్తారు. మా నాయనమ్మ తన పేరున్న రాయిని తనే తుడుచుకుని నవ్వేది. కానీ అప్పటికి ఆవిడకి డెబ్బై దాటాయి.

"నీకు చెప్పకుండా చేయించాం," అని అత్తగారు నన్ను దగ్గరకు తీసుకుంది. "ఇక నీ చోటు గురించి నీకు బెంగలేదు." ఆవిడ నిజంగానే సంతోషంగా ఉంది. నాకు భయమేసింది. ఇన్నేళ్ళలో నాకేదైనా అనిపించడం అదే మొదలు, నేను ఇంకా బతికే ఉన్నానని అప్పుడు తెలిసింది.

రాళ్ళు చెక్కే పావెల్కాగారు పక్క వరసలో వేరే రాయి సరిచేస్తున్నారు. టోపీ తీసి దగ్గరకొచ్చి, "బాగా కుదిరిందామ్మా?" అన్నారు.

"ఈ పేరు చెరపడానికి వీలవుతుందా?" అని అడిగాను.

"ఏం మాటలే అవి!" అంది అత్తగారు.

"గ్రానైటు కదమ్మా," అన్నారు పావెల్కాగారు ఇబ్బందిగా. "ముఖమంతా అరగదియ్యాలి. అబ్బాయి పేరు కూడా పోతుంది."

మెర్ల్ పేరు వైపు చూశాను. అతన్ని అరగదీయడానికి నాకు మనసొప్పలేదు.

"అయితే వద్దు. అతని పేరు అలాగే ఉండనివ్వండి. నా పేరు పక్కన ఖాళీ వదిలారు చూడండి, అక్కడ ఈ సంవత్సరం వేసెయ్యండి."

"మతి పోయిందా నీకు?" అన్నారు మావగారు. "బతికున్న మనిషికి చనిపోయిన సంవత్సరం వేయిస్తారా?"

"వేయమంటున్నది నాకు కాదు మావయ్యా, మీ కోడలికి," అన్నాను. "నేను సాయంత్రం బస్సుకి లింకన్ వెళ్తున్నాను."