బస్తాకి జీను

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథని న్యాయంగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఇందులో ఒక అమ్మ, ఇద్దరు కూతుళ్ళు, ఒక కుక్క ఉన్నారు. నేను కుక్క పక్షం. కుక్క తర్వాత చిన్న కూతురి పక్షం. మిగతావాళ్ళ తరఫున మాట్లాడటానికి మిగతావాళ్ళే ఉన్నారు, వాళ్ళ గొంతులు కూడా బాగానే పనిచేస్తాయి.

కుక్క పేరు బస్తా. పేరు పెట్టిన రోజుల్లో అది నిజంగానే బస్తా. ముప్ఫై ఒక్క కిలోలు. సోఫా ఎక్కితే సోఫా మూలిగేది. మొన్నామధ్య కిడ్నీ జబ్బు చేసి, పత్యం తిండి తిని తిని, రెండు నెలల్లో ఇరవై మూడుకి దిగిపోయింది. దానికి తోడు గొంతులో గాలిగొట్టం మెత్తబడిందట. మెడకి బెల్టు కట్టొద్దు, ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్సే వాడమని పశువుల డాక్టరు గట్టిగా చెప్పింది. లావుగా ఉన్నప్పటి పాత హార్నెస్ ఒకటుంది గానీ దాని బకిల్ విరిగి, బస్తా ఇప్పటికే రెండుసార్లు మెట్ల మీద తప్పించుకుంది. రెండోసారి తర్వాత అపార్ట్‌మెంట్ సంఘం నుంచి కాగితం వచ్చింది. మూడోసారి తాడు లేకుండా కనిపిస్తే కుక్క ఈ బిల్డింగులో ఉండటానికి వీల్లేదు. కింద సెక్రటరీ సంతకం, స్టాంపు.

బస్తా చిన్నదానిది. చిన్నది అంటే చిన్న కూతురు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో అదే పిలుపు. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో, వెనక గదిలో కూర్చుని, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ముందు గది అమ్మది. అక్కడ రెండు కుట్టు మిషన్లు, స్కూలు యూనిఫాం గుట్టలు. నలభై ఏళ్ళుగా కుడుతోంది. వీధి మొత్తానికి ఆవిడ మిషనమ్మ.

ఒక శనివారం పొద్దున చిన్నది టేపు పట్టుకుని నేల మీద కూర్చుంది. బస్తాని గోడకి ఆనించి నిలబెట్టి, ముందు మెడ మొదలు కొలిచింది. తర్వాత ముందు కాళ్ళ వెనక, నాలుగు వేళ్ళు వదిలి, ఛాతీ చుట్టూ. ఊపిరి పీల్చినప్పుడొకసారి, వదిలినప్పుడొకసారి. మూడుసార్లు తీసింది, మూడుసార్లూ అరవై ఒక్క సెంటీమీటర్లే. చీటీ మీద రాసుకుంది. బస్తా టేపు చివర నాకుతూ నిలబడింది.

"ఏంటే అది? దానికి పెళ్ళి బట్టలా?" అంది అమ్మ, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకునే.

"హార్నెస్ కొనాలమ్మా. ఆన్‌లైన్‌లో సైజు అడుగుతున్నాడు."

"ఇంట్లో రెండు మిషన్లు పెట్టుకుని గుర్రానికి జీను బయట కొంటావా? నలుగురూ నవ్వుతారు. ఇటివ్వు ఆ చీటీ."

చిన్నది చీటీ అందించింది. అమ్మ చిన్నదానికంటూ ఏదైనా కుట్టి ఎన్నేళ్ళయిందో. ఆ ఎన్నేళ్ళ క్రితం కుట్టినవి కూడా అక్క ఆదితోనే. ఆది అంటే తెలుసుగా, కొలతలు తీయకుండా పాత బట్ట ఒకటి కింద పరుచుకుని, దాన్ని చూసి కత్తిరించడం. అక్క గౌను ఆది పెట్టి చిన్నదానికి గౌను. అక్క చొక్కా ఆది పెట్టి చిన్నదానికి చొక్కా. "చేతులు పొడుగయ్యాయమ్మా" అంటే "పెరుగుతావులే" అనేది. చిన్నది అక్కంత పెరగలేదు. స్కూలు ఫొటోలన్నిటిలోనూ వేళ్ళ కొసలు మాత్రమే బయటికి కనిపిస్తూ ఉంటుంది.

"జారుడు బకిళ్ళు పెట్టమ్మా, బిగించుకోడానికి, వదులు చేసుకోడానికి" అంది.

"కొలత కుదిరితే జారుడెందుకు? అవి పని రానివాళ్ళకి."

స్కూలు బ్యాగులకి వాడే దళసరి నైలాన్ పట్టీ తెప్పించి, అమ్మ రెండు సాయంత్రాలు కూర్చుంది. మూడు సూదులు విరిగాయి. బొటనవేలికి గుచ్చుకుని కట్టు కట్టుకుంది. సోమవారం పొద్దున హార్నెస్ తయారు. నల్ల పట్టీ, అంచుకి ఎర్ర కుట్టు, ఛాతీ కింద మెత్తటి గుడ్డ. దుకాణంలో దొరికేదానికంటే అందంగా ఉంది, అబద్ధమెందుకు.

తొడిగి చూస్తే, పట్టీ కింద రెండు వేళ్ళు దూరాల్సిన చోట చిన్నదాని అరచెయ్యి మొత్తం దూరింది.

"అమ్మా, వదులుగా ఉందేమో."

"మరి ఊపిరాడొద్దూ దానికి? డాక్టరేగా బిగించొద్దంది."

"డాక్టరు మెడకన్నారు..."

"నలభై ఏళ్ళ చెయ్యే ఇది. కంప్యూటర్ కాదు నీ ఇష్టమొచ్చినట్టు కొట్టి చెరపడానికి. నచ్చకపోతే తీసి అవతల పారెయ్."

టేపు మిషన్ మీదే ఉంది. చిన్నది ఒక్క నిమిషం కొలిస్తే అయిపోయేది. ప్రపంచంలో ఎవడి పనిలోనైనా తప్పు పట్టి జీతం తీసుకునే మనిషి, అమ్మ బొటనవేలి కట్టు చూసి ఊరుకుంది. "బాగుందమ్మా" అంది. ఆ రెండు మాటలే ఈ కథలో అన్నిటికంటే పెద్ద తప్పని చిన్నది ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను, కానీ చెప్పాను కదా, నేను ఆమె పక్షమని.

మూడు రోజులు ఏమీ కాలేదు. ముందుకి నడిచే కుక్కకి ఎంత వదులు హార్నెస్సైనా సరిపోతుంది. నాలుగో రోజు పొద్దున కింద లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఎవరో నీళ్ళ డబ్బాలు దించుతున్నారు. ఒక డబ్బా చేజారి ఢామ్మని పడింది. బస్తా బెదిరి వెనక్కి గుంజింది. తల వంచింది, భుజాలు ముడిచింది, అంతే. చొక్కా విప్పినట్టు హార్నెస్ మొత్తం చిన్నదాని చేతిలోకి వచ్చేసింది.

పార్కింగులో అటు చివర మూడో అంతస్తు బామ్మగారు ఎండలో నడుస్తోంది. ఆ బిల్డింగులో బస్తాని పేరు పెట్టి పిలిచే ఏకైక మనిషి ఆవిడ. బెదిరిన బస్తా తెలిసిన మనిషి దగ్గరికే పరుగెత్తింది, ముందు కాళ్ళు ఎత్తి ఆవిడ నడుం మీద పెట్టింది. ఆవిడ వెనక్కి పడింది. మణికట్టు విరిగింది.

"దాన్నేం అనకండర్రా, భయపడిందది" అంటూనే ఉందావిడ, ఆటోలోకి ఎక్కిస్తుంటే కూడా. కానీ మధ్యాహ్నం ఆవిడ కొడుకు ఫిర్యాదు రాసిచ్చాడు. అతను రాయకపోతేనే ఆశ్చర్యపోవాలి. సాయంత్రానికి సంఘం కాగితం వచ్చింది. ఆదివారంలోగా కుక్కని పంపించేయాలి.

చిన్నది ముందు గదిలో నేల మీద కొత్త హార్నెస్ పరిచింది. దాని మీద బకిల్ విరిగిన పాతది పరిచింది. అంచుకి అంచు, మలుపుకి మలుపు, నూలుపోగు తేడా లేదు.

"ఆది పెట్టి కుట్టావా అమ్మా?"

మిషన్ ఆగింది. "పాతది ఎదురుగా ఉండగా మళ్ళీ కొలతలెందుకు?"

"చీటీ ఇచ్చాను. అరవై ఒకటని రాశాను. ఇది డెబ్భై రెండు."

"చూశాను. అంత కుక్కకి అరవై ఒకటేంటి, తప్పు కొలిచుంటుందిలే అనుకున్నా. అయినా జబ్బు తగ్గితే మళ్ళీ ఒళ్ళు చేస్తుందిగా."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగితే నీది తప్పని ఒప్పుకునేదానివా?"

"నాది తప్పు కాదమ్మా!"

"అదే మరి. ఒప్పుకోవు" అని అమ్మ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆవిడ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఆదివారం పొద్దున పెద్దది వచ్చింది. ఆమెకి ఊరి చివర ప్రహరీ ఉన్న ఇల్లు, వెనక డిక్కీ ఉన్న కారు, దేనికైనా ఒక దారి చూపించే అలవాటు ఉన్నాయి. బస్తాని తను తీసుకెళ్తానని ఫోన్‌లోనే చెప్పేసింది. చిన్నదానికి వేరే దారి లేదు. వైద్యం మధ్యలో ఉన్న ముసలి కుక్కని ఇంకెవరు పెట్టుకుంటారు?

"వచ్చి చూస్తుండవే, నీ కుక్క ఎక్కడికీ పోదు" అంది పెద్దది, సోఫాలో కూర్చుంటూ.

"గంటన్నర దూరం అక్కా."

"మరీ చేస్తావు." అని అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, దారిలో ఈ హార్నెస్ మళ్ళీ ఊడొస్తే నా వల్ల కాదు. కుట్లు విప్పి సరిచెయ్యి. ఈసారి ఆదులూ గీదులూ వద్దు, టేపు పెట్టి కొలిచి కుట్టు."

"అలాగే తల్లీ" అంది అమ్మ.

అంతే. ఇంకో మాట లేదు. నలభై ఏళ్ళ చెయ్యి లేచి, మెడలో వేలాడే టేపు తీసి, మోకాళ్ళ నొప్పి మాట మర్చిపోయి నేల మీద కూర్చుంది. బస్తా ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. మళ్ళీ తిప్పింది.

"ఎంత?" అంది పెద్దది.

"అరవై ఒకటి."

చిన్నది గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ ఒక్కసారి తల ఎత్తి చూస్తుందేమోనని చూసింది. అమ్మ బ్లేడు కోసం చెయ్యి చాపింది. కుట్లు విప్పి, పట్టీ కత్తిరించి, మళ్ళీ కుట్టడానికి అరగంట కూడా పట్టలేదు. చిన్నది వెళ్ళి మందుల సంచి సర్దింది. ఏ బిళ్ళ ఎప్పుడో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. రాసి, అక్క చదువుతుందా అని ఒక క్షణం ఆగి, ఫోన్‌లో కూడా పంపింది.

హార్నెస్ తనే తొడిగింది. పట్టీ కింద సరిగ్గా రెండు వేళ్ళు. చంకల్లో ఎక్కడా రాసుకోవడం లేదు.

కింద కారు దగ్గర పెద్దది తాడు అందుకుంది. డిక్కీ తలుపు పైకి లేవగానే బస్తాకి అర్థమైంది. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, తల వంచి, భుజాలు ముడిచి, చిన్నది నిలబడ్డ వైపుకి వెనక్కి వెనక్కి గుంజింది. గోళ్ళు సిమెంటు మీద గీసుకున్నాయి. దగ్గొచ్చింది, మళ్ళీ గుంజింది. హార్నెస్ ఎక్కడిదక్కడే ఉంది.

"చూశావా" అంది అమ్మ, ఒక్క కుట్టు కూడా విప్పక్కర్లేని కొత్త బట్ట చూసుకున్నంత సంబరంగా, "ఈసారి ఎంత బాగా కుదిరిందో."

చిన్నది ముందుకి నడిచి, బస్తా పొట్ట కింద చెయ్యి వేసి, తనే ఎత్తి కారులో పెట్టింది. ఇరవై మూడు కిలోలు. తలుపు కూడా తనే మూసింది.

కథ ఇంతే. మీ ఇంట్లోనూ ఇలాంటిది జరిగే ఉంటుంది. ఒకళ్ళు చెబితే తప్పైన లెక్క, ఇంకొకళ్ళు అడిగితే ఒప్పైపోయిన రోజు ఒకటి గుర్తొస్తే నాకు రాయండి, అన్నీ చదువుతాను. రెండో సంతానం వాళ్ళు ముందు రాయండి. పెద్దవాళ్ళూ, మీరు కాస్త ఆగండి. మీ మాట ఎప్పుడూ వింటూనే ఉన్నాం.