పెచ్చు రాలని నేల

చిత్రశాల మూడో గదిలో గోడకు ఖాళీ చట్రం మాత్రమే మిగిలింది. కోట్లు పలికే తైలవర్ణచిత్రం అది. కిటికీ పక్కన కూర్చుని బట్ట కుట్టుకునే ముసలామె బొమ్మ. వారపు సెలవునాడు ఎవరో తాళం పగలగొట్టకుండానే లోపలికొచ్చి, అంచుల వెంబడి కోసుకుపోయారు. ఇన్‌స్పెక్టరు చట్రంవంక చూడనైనా చూడకుండా మోకాళ్ళమీద కూర్చుని నేలను పరికించసాగింది.

"దొంగ నేలలోకి దూరాడంటారా మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

"రంగు పెచ్చు ఒక్కటైనా రాలిందేమో చూడండి."

రాలలేదు. గోడ చెమ్మకు ఆ బొమ్మ రెండు వానాకాలాలుగా పెచ్చులూడుతోంది. తలుపు గట్టిగా వేసినా చిటికెడు రంగు రాలుతుందని కావలివాడే చెప్పాడు. అలాంటిదాన్ని కోసి తీస్తే నేలంతా రంగుపొడి కావాలి. అంటే కోసినవాడు ముందుగా బొమ్మ ముఖమంతటా పల్చని కాగితం జిగురుతో అంటించి, అది ఆరేదాకా కాచుకుని కూర్చున్నాడన్నమాట. అమ్ముకునేవాడికి అంత ఓపిక ఉండదు.

ఇన్‌స్పెక్టరు నేలమీంచి లేచింది. ఆ కాగితాన్ని ముడత పడకుండా కుంచెతో అద్దడం చిన్నతనంలో ఆమెకు నేర్పినవాడు మేనమామ. తల్లి పోయాక ఆమెను పెంచినదీ ఆయనే. చిత్రశాల మరమ్మతు విభాగంలో, రిటైరయ్యాక కూడా కొనసాగి, నిరుడే పని మానేశాడు.

ఆ మధ్యాహ్నం వానలో ఒంటరిగా ఆయన ఉండే మేడ ఎక్కింది. తలుపు తీసే ఉంది.

"రావే కోడలా. యూనిఫారంలో వచ్చావు, టీ ఇవ్వాలా, చేతులివ్వాలా?"

బొమ్మ భోజనాల బల్లమీద, చెక్కపలకపైన వెల్లకిలా ఉంది. ముఖంనిండా తెల్లకాగితం, కప్పిన శవంలా.

"ఎందుకు మామయ్యా ఈ పని?"

"గోడ బాగుచేయించమని డైరెక్టరుకు చెప్పిచెప్పి నోరు నొప్పెట్టింది. పైన సున్నం కొట్టిస్తే సరిపోతుందన్నాడు మహానుభావుడు. ఇంకో వానాకాలం ఉంటే ఆవిడకు మొహం మిగలదే."

"సరే. చిత్రశాల పెరట్లో దొరికిందంటాను. నీ పేరు బయటికి రానివ్వను."

"దొరికితే ఏం చేస్తారు? మళ్ళీ ఆ గోడకే తగిలిస్తారు. అదే దొంగతో సహా దొరికిందనుకో, కేసు తేలేదాకా ఎక్కడ పెడతారు?"

"కోర్టు సామానుగదిలో."

"పొడిగా ఉంటుందా?"

"ఉంటుంది. ఈ మధ్యే కట్టారు." అనేశాక గాని ఆయన తనను ఎటు లాక్కొస్తున్నాడో ఆమెకు తట్టలేదు. "డెబ్బై దాటాయి నీకు. కేసు తేలేసరికి నువ్వు..."

"మీ కేసులు తొందరగా తేలవుగా. ఆ ధైర్యంతోనే తెచ్చా."

"అన్నాళ్ళూ అది కాగితం కిందే పడుంటుంది. ఎవరూ చూడరు."

"చూడకపోతే మానె. ఉంటుంది." ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "నన్ను దాస్తే అది పోతుంది. నువ్వే చూసుకో."

బయట వాన తెరిపి ఇవ్వలేదు. ఆమె బొమ్మమీద ప్లాస్టిక్ పట్టా కప్పి, పలకతో సహా రెండు చేతులా ఎత్తింది.

"వంచకు. బల్లపరుపుగా పట్టుకో," అంటూ ఆయనే ముందు నడిచాడు.

మెట్లు తడిసి జారుతున్నాయి. మోకాళ్ళు మొరాయించే ఆ ముసలాయన గోడ ఆసరాతో ఒక్కొక్క మెట్టే దిగుతూంటే ఆమె వెనకనుంచి చూస్తూనే ఉంది. ఆయన చెయ్యి పట్టుకోవడానికి ఆమె చేతులు ఖాళీగా లేవు.