తగ్గించని సౌండు

మా తమ్ముడిది మంద్రమైన గొంతు. వాడు పాడుతుంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినట్టుంటుంది. ఊరూరా కచేరీలు చేసే ఒక బృందానికి గాయకుడు కావాల్సి వచ్చింది. ఆ బృందం పెద్దావిడ వాణ్ణి వినడానికి వచ్చే నెల ఒక సాయంత్రం మా ఊరి హాలుకు వస్తానంది. మూడు పాటలు. వెనక సింథసైజర్ మీద నేను.

దానికోసం నెల్లాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక సౌండు తయారుచేశాను. అబ్బ, ఏం సౌండనుకున్నారు! మీట నొక్కితే చాలు, అడుగున బరువైన మోత, వేలు తీసినా ఆగని ప్రతిధ్వని.

ఆ రోజు మధ్యాహ్నం రిహార్సల్లో తమ్ముడు పాట మధ్యలో ఆగిపోయాడు.

"అక్కా, నా గొంతు నాకే వినపడట్లేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే! నోరు తెరిచి పాడు," అన్నాను.

హాలు చివర మిక్సర్ దగ్గర కూర్చున్న సౌండు మావయ్య లేచి వచ్చాడు. మాకు చుట్టమేం కాదు, ఆయన అందరికీ మావయ్యే.

"అమ్మాయ్, ఇది ఇంట్లో ఒంటరిగా వింటూ చేసుకున్నావు కదూ? బాగుంది, కాదన్ను. కానీ మీవాడి గొంతు ఎక్కడుందో ఇదీ అక్కడే కూర్చుంది. నేను దీన్ని తగ్గిస్తే పాట బోసిపోతుంది, పెంచితే వాడు మునిగిపోతాడు. నువ్వే ఆ అడుగు మోత కోసెయ్, ప్రతిధ్వని సగం చెయ్."

"కోస్తే ఇంకేం మిగుల్తుంది మావయ్యా, పీచు తప్ప?"

"విడిగా వింటే పీచే. వాడి గొంతుతో కలిపి విను."

"సరే సరే," అన్నాను. ఏదీ కొయ్యలేదు. నా కష్టం నాకు ముద్దు మరి.

సాయంత్రం మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. రెండో పాటలో నేను రెండు చేతులూ వేసేసరికి వాడి మాటలు వినపడకుండా పోయాయి. వాడు గొంతు పెంచాడు. మెడ నరాలు ఉబ్బడం నేను చూస్తూనే ఉన్నాను. చరణంలో గొంతు పగిలింది.

పాట అయ్యాక వాడు నీళ్ల సీసా కోసం నా దగ్గరికి వచ్చాడు.

"సారీ అక్కా. అంత కష్టపడి చేసుకున్నదాన్ని నాకోసం తగ్గించుకున్నావు. అయినా నా గొంతే లేవట్లేదు."

సీసా వాడి చేతికిచ్చాను. మూడో పాటకు అడుగు మోతంతా కోసేశాను, ప్రతిధ్వని చంపేశాను. నా సౌండు నీళ్లు కలిపిన పాలలా పల్చబడింది. వాడి ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. కానీ ఏం లాభం? అప్పటికే గొంతు బొంగురుపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

పెద్దావిడ వేదిక దగ్గరకొచ్చింది.

"బాబూ, మాది రోజూ పాడే పని. ఈ గొంతు తట్టుకోలేదు, ఏమనుకోకు." తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మాయ్, రెండో పాటలో నీ సౌండు భలే ఉంది. మా కీబోర్డతను మానేశాడు. నువ్వొస్తావా?"

తమ్ముడు నా భుజం చరిచాడు. "వెళ్లక్కా! పోన్లే, మనింట్లో ఒకళ్లకైనా వచ్చింది."

వాడికి నిజంగానే సంతోషం. సిగ్గుతో చచ్చిపోయాను.

"వాడి గొంతుకేం రోగం లేదమ్మా," అన్నాను. "మద్దెలే ఓడు. నా సౌండే వాణ్ణి తొక్కేసింది. మధ్యాహ్నమే తగ్గించమన్నారు, నేను తగ్గించలేదు. కావాలంటే మిక్సర్ దగ్గరున్న ఆయన్ని అడగండి. గొంతు బాగయ్యాక వాణ్ణి ఇంకొక్కసారి వినండి."

ఆవిడ మిక్సర్ వైపు చూసింది. సౌండు మావయ్య తల ఊపాడు.

"వచ్చే వారం రమ్మను," అంది. "కీబోర్డుకి వేరేవాళ్లని చూసుకుంటాను."

తమ్ముడి చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. మెల్లగా తీసేశాడు.

"తగ్గించలేదా అక్కా?" అన్నాడు, ఆ బొంగురు గొంతుతోనే.