దీవెన నీళ్ళ తొట్టి

ప్లాస్టిక్ గ్లాసును కోటు లోపల గుండెకి ఆనించి పట్టుకుని హల్యా పెరట్లోంచి వంటింట్లోకి వచ్చింది. సున్నాకి ముప్పై అయిదు డిగ్రీలు కింద ఉంది చలి. ఆ చలిలో పరీక్ష పట్టీ సరిగా రంగు మారదు. అందుకే తొట్టి నీళ్ళు ఇంట్లోకి తెచ్చి చూడాలి. పట్టీ ముంచి కిటికీ వెలుగులో పెట్టింది. నీళ్ళల్లో క్రిముల్ని చంపే మందు ఉంటే కొస పచ్చబడుతుంది. పచ్చబడలేదు. ఇంకో పట్టీ ముంచింది. అదీ తెల్లగానే ఉంది.

నీళ్ళు మాత్రం చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి. ఆమెకి భయం వేసింది అందుకే.

ఆ వేడినీళ్ళ తొట్టి కొన్నది ఆమె భర్త ఒరెస్ట్. కొన్న రోజే అన్నాడు, "ఇందులో పనేముంది హల్యా, రోజూ మూత తీసి చూడ్డమేగా." ఆ చూడ్డం ఆమెదైంది. మూత అంచున గడ్డకట్టిన మంచుని పిడికిలితో కొట్టి వదిలించడం, తడి వేళ్ళు ఇనప గడియకి అతుక్కుంటే ఊపిరి ఊది విడదీసుకోవడం, నీళ్ళు వడకట్టే జల్లెడ కడగడం, మందు వేశాక దాని ఘాటు పోయేదాకా మూత తెరిచి ఆ చలిలో కాపలా ఉండడం. "మూత వెయ్యవే, వేడంతా ఆకాశానికి పోతోంది" అని లోపల్నించి అరిచేవాడు. ఆటయ్యాక అతనూ హాకీ స్నేహితులూ తొట్టిలో మెడదాకా మునిగి, జుట్టు మీద మంచు పేరుకుంటుంటే బీర్లు తాగేవారు. "హల్యా, సూపు ఉడికింది, ఉప్పు చూడు" అని నవ్వేవారు. ఆ సూపులో ఎంత చెమట కలిసిందో, మందు ఎంత తగ్గిపోయిందో వాళ్ళు లేచి వెళ్ళాక ఆమె చూసేది. ఒక్కసారి, శరదృతువులో, తన తల్లికి బాగోలేదని వారం రోజులు వెళ్ళొచ్చేసరికి ఇంటిల్లిపాదికీ ఒంటి మీద ఎర్రటి పొక్కులు. "నువ్వెళ్ళి కూర్చున్నావు, ఇక్కడ నీళ్ళు చెడిపోయాయి" అన్నాడు ఒరెస్ట్. నీళ్ళు బాగున్నన్ని రోజులూ ఎవరి వల్ల బాగున్నాయో ఎవరూ అనలేదు.

జనవరిలో, క్రీస్తు బాప్తిస్మాన్ని తలుచుకునే యోర్దాను పండక్కి ఫాదర్ నీళ్ళు దీవించి ఇచ్చారు. ఎప్పటిలాగే గదులన్నిటా చిలకరించాక అత్తగారు పరాస్కా సీసాలో మిగిలినవి తీసుకెళ్ళి తొట్టిలో పోసేసింది. ఆమెది వేషం కాదు, నిజమైన భక్తి. పోసి, సిలువ గుర్తు వేసుకుని, కోడలి వైపు తిరిగింది.

"ఇక ఇందులో నీ మందులు పొయ్యకు. దేవుడి నీళ్ళల్లో విషం కలుపుతావా?"

"అత్తయ్యా, చర్చిలో తాగే నీళ్ళు వేరు, నలుగురు కూర్చునే నీళ్ళు వేరండీ."

"ఒరేయ్ ఒరెస్ట్, నీ పెళ్ళాం ఫాదర్‌కి పాఠం చెబుతుందిరా!"

ఒరెస్ట్ నవ్వాడు. "పోనీలే హల్యా. అమ్మ మాట విను. నీకూ పని తగ్గుతుంది."

పని తగ్గలేదు. దొంగ పని అయింది. మందు పొడిని బట్టల సోడా డబ్బాలో దాచి, అత్తగారు ప్రార్థనలో ఉన్నప్పుడు పోసి, మూత పట్టుకుని నిలబడేది. నీళ్ళు మార్చేద్దామంటే ఈ చలిలో కుదరదు. తొట్టి ఖాళీ చేస్తే గొట్టాల్లో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. మంచు కరిగేదాకా ఆ నీళ్ళే. పొక్కులు ఎవరికీ రాలేదు. వేడికి పరాస్కా మోకాళ్ళు కాస్త వంగాయి. చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది, "మందూ మాకూ లేదమ్మా, దీవెన ఒక్కటే." హల్యా ఆ పక్కనే టీ పోస్తూ విన్నది.

పోయిన బుధవారం సోడా డబ్బా ఒరెస్ట్ కంటబడింది. అరవలేదు. పొడిని చెత్తలో పారబోసి, ఖాళీ డబ్బాని కడిగి యథాస్థానంలో పెట్టాడు. "అమ్మ మనసు కష్టపెట్టకు" అన్నాడంతే. ఆ మెత్తని గొంతుకి హల్యా ఎక్కువ భయపడింది. దానికి బదులు వేద్దామంటే గ్యారేజీలో బ్లీచు సీసా గడ్డకట్టి పగిలిపోయింది. దుకాణంలో అడిగితే మంచు తుఫానుకి పట్నం లారీ రాలేదన్నారు. శుక్రవారం హాకీ వాళ్ళు తొట్టిలో దిగారు. తను వంట చేసే బడికి వచ్చిన ఆరోగ్యశాఖ ఆవిడ చెప్పిన మాటలు చెవిలో తిరుగుతూనే ఉన్నాయి: మందు లేని వేడినీళ్ళల్లో కంటికి కనపడని పురుగు పెరుగుతుంది, ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ముసలివాళ్ళూ పసివాళ్ళూ తట్టుకోలేరు. చెబితే ఇంట్లో గొడవ. చెప్పకపోతే? ఆ పైన ఆలోచించడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు.

ముందుగదిలో బూట్లు దులుపుతున్న చప్పుడు. ఆడపడుచు స్లావ్కా వచ్చింది, చంటివాణ్ణి కంబళిలో చుట్టుకుని. వాడికి అయిదు నెలలు. బుగ్గలూ మోచేతులూ ఎర్రగా పగిలి ఉన్నాయి.

"రాత్రంతా గోక్కుంటున్నాడు వదినా. అమ్మ రమ్మంది. ఒక్కసారి ముంచితే తగ్గుతుందట."

పరాస్కా అప్పటికే పొయ్యి దగ్గర తువ్వాలు వెచ్చబెడుతోంది. "తేవే తల్లీ, బట్టలిప్పు. ఒరెస్ట్, మూత తియ్యి. హల్యా, వేడి తగ్గించమన్నాను, తగ్గించావా?"

 స్లావ్కా ఒక మేజోడు లాగింది. చిన్న పాదం బయటపడింది. హల్యా వెళ్ళి పెరటి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.  

"పక్కకి జరుగు" అన్నాడు ఒరెస్ట్, తలుపు గడియ మీద చెయ్యి వేసి.

"జరగను."

"దేవుడి నీళ్ళంటే నీకు భయమేమిటే?" అంది పరాస్కా.

"దేవుణ్ణి నేనేమీ అనడం లేదత్తయ్యా. పండగ నుంచీ రోజూ మీకు తెలియకుండా మందు వేస్తున్నాను. ఎవరికీ ఏమీ కాలేదంటే అందుకే. బుధవారం ఒరెస్ట్ మందు పారబోశాడు. అప్పట్నించీ ఆ నీళ్ళల్లో మందు పడలేదు." గ్లాసు పక్కనున్న తెల్ల పట్టీలు చూపించింది. "బిడ్డని దింపాలంటే నన్ను తోసి వెళ్ళాలి."

"ఇన్నాళ్ళూ మోసం చేశావన్నమాట" అంది అత్తగారు. గొంతులో కోపం కంటే ఏదో పోగొట్టుకున్న బాధ ఎక్కువగా ఉంది.

"చేశాను."

స్లావ్కా అన్నవైపు చూసింది. "పారబోశావా నువ్వు? నిజమేనా?"

ఒరెస్ట్ గడియ మీద నుంచి చెయ్యి తీశాడు. "అమ్మ బాధపడుతుందని..." అన్నాడు. స్లావ్కా మేజోడు తిరిగి తొడిగింది. చంటివాడు ఏడ్చి గుక్కపట్టాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

"మందు వచ్చేదాకా ఎవరూ దిగరు" అంది హల్యా. "వచ్చాక వేసేది నువ్వే ఒరెస్ట్. చలిలో మూత పట్టుకుని నిలబడేదీ నువ్వే. నేను ఇక చెయ్యను."

పరాస్కా తువ్వాలుని పొయ్యి పక్క కుర్చీ మీద వేసి, నెమ్మదిగా కూలబడింది. అరచేతులు లంగాకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"నిన్న సాయంత్రం నువ్వు బడి నుంచి రాకముందు... నేను ఆ నీళ్ళల్లో గంటసేపు కూర్చున్నానే హల్యా."

"తెలుసత్తయ్యా. వస్తూనే మీ తడి జుట్టు చూశాను. తెల్లారేదాకా మీ గది గుమ్మంలో కూర్చుని మీ ఊపిరి వింటూనే ఉన్నాను."