నూకాలు చెప్పిన టైము

పొద్దున డ్యూటీకి బయల్దేరేలోపు భార్య నూకాలు నోట టైము మాట రాకుండా చూసుకోవడం త్రినాథరావుకి రోజూ ఉండే పని.

నూకాలుకి గడియారం చూడ్డం రాదు. శృంగవరపుకోట అవతలి పల్లెలో ఎండని బట్టి పనులు చేసుకున్న మనిషి. పొయ్యి మీద ఎసరు పొంగితే చాలు, "ఏడైపోనాది" అనేస్తుంది. అనగానే గోడ గడియారం ముళ్లు ఏడు మీదికి వెళ్లిపోయేవి. దగ్గర్లో ఉన్నవాళ్ల చేతి వాచీలూ అంతే. పక్కింటి నసీమా రేడియోలో వార్తలొచ్చినప్పుడు తన గడియారం సరిచేసుకుని ఊరుకునేది.

పోర్టులో లేటు హాజరు పడ్డాక త్రినాథరావు ఎర్రంకెలు వెలిగే కరెంటు గడియారం కొనుక్కొచ్చాడు. అది నూకాలు మాట వినలేదు. ఇంట్లో అందరికీ హాయిగా ఉంది. నూకాలుకి మాత్రం దాని ముందు నిలబడితే పరాయి ఇంట్లో ఉన్నట్టుండేది.

ఆమె ఇబ్బంది ఆడపడుచు పైడితల్లి కనిపెట్టింది. ద్వారకా నగర్లో టైపు నేర్చుకుంటోంది ఆ పిల్ల. సాయంత్రాలు గోడ గడియారం దించి ఒళ్లో పెట్టుకునేది.

"ఒదినా, ముందు పొట్టిముల్లు సూడు. ఆ తరవాతే పొడుగుది."

"పొట్టిదానికి పెద్దరికమేటే?"

"గంట సెప్పేది అదే. పొడుగుది ఊరికే తిరుగుతాది, మా అన్నలాగ."

ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. వానలు తగ్గేసరికి నూకాలుకి చూడ్డం వచ్చేసింది. ఉన్న టైమే చెబుతోంది కాబట్టి ముళ్లకి కదలాల్సిన అవసరం లేకపోయింది.

అప్పుడే పెందుర్తి నుంచి సంబంధం వచ్చింది. లారీల ఆసామీ. భార్య పోయింది, పెద్ద కొడుకు పైడితల్లి ఈడువాడు. తన ఇంటి ఆడది ఉద్యోగానికి వెళ్లకూడదన్నాడు. పాత స్నేహం మొహమాటంతో మామగారు గురువులు మాటిచ్చేశాడు. టైపు పరీక్ష దగ్గరపడుతోంది. పైడితల్లి ఏడ్చింది, సరిగా తినడం మానేసింది. ఆయన కదల్లేదు.

శుక్రవారం తాంబూలాలు. పదిన్నరకి రాహుకాలం, ఆలోపే మార్చుకోవాలి. పెళ్లికొడుకు పెదనాన్న శ్రీరామ్మూర్తి పళ్లెం సర్దుకుని కూర్చున్నాడు. నూకాలు కాఫీలు తెస్తూ గోడవైపు చూసింది. ఇంకా పదే. మూల పీట మీద పైడితల్లి తలొంచుకుని ఉంది. ఒళ్లో చీర మీద ఆమె వేళ్లు అక్షరాలు కొడుతున్నట్టు కదులుతున్నాయి.

నూకాలు కరెంటు గడియారం ప్లగ్గు లాగేసింది. ఎర్రంకెలు ఆరిపోయాయి. శ్రీరామ్మూర్తికి గ్లాసు అందించింది.

"పదిన్నర దాటిపోనాది కదా బాబూ. తాగండి."

తెలిసి తప్పు టైము చెప్పడం ఆమెకదే మొదలు.

అందరి మణికట్ల మీదా ముళ్లు తిరిగాయి. శ్రీరామ్మూర్తి వాచీ చూసుకున్నాడు, గోడ చూశాడు, పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"రాహుకాలం వొచ్చీసింది బావా. ఇప్పుడు ముట్టుకోకూడదు."

కోడలి మాటకే ముళ్లు తిరిగాయని గురువులుకి తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాడు. కూతురు తలెత్తి ఆయన్నే చూస్తోంది. ఎన్నాళ్లయిందో ఆ మొహం సరిగా చూసి! బుగ్గలు లోపలికి పోయాయి.

"ఔను బావా," అన్నాడాయన. "దాటిపోనాది."

మొదట్లోనే అపశకునమని పెందుర్తివాళ్లు మళ్లీ రాలేదు. త్రినాథరావు ప్లగ్గు మళ్లీ గుచ్చాడంతే.

నూకాలు మాత్రం ఆ తర్వాత టైము పైకి చెప్పడం మానేసింది. నసీమా ఎందుకని అడిగింది.

"సూడ్డం రానప్పుడు బయముండీది కాదు. వొచ్చాకే బయమేస్తంది," అంది నూకాలు.

పైడితల్లి పరీక్ష పాసయింది. మరుసటేడు స్టీల్‌ప్లాంటు ఆఫీసులో టైపిస్టుగా తీసుకున్నారు. మొదటి రోజు బస్సుకి బయల్దేరుతూ, జడకి రిబ్బను ముడేసుకుంటూ కేకేసింది.

"ఒదినా, టైమెంతయింది?"

నూకాలు వంటింట్లోంచి తొంగి చూసి నవ్వింది.

"నువ్వే సూసుకోయే."

పైడితల్లి చూసుకుంది. ఇంకా బోలెడు టైముంది. చెప్పులేసుకుని, తొందర లేకుండా సందు చివరిదాకా నడిచి వెళ్లింది.